ప్లాన్ పెన్సిల్‌తో రాసుకోండి, అప్పు మాత్రం పెన్నుతోనే ఉంటుంది

చేతిలో ఒక రెండు మూడు లక్షలు ఉండో, ఇంట్లో వాళ్ళని ఒప్పించి తెచ్చుకునో, చిన్న వ్యాపారం ఏదైనా మొదలుపెడదాం అని చూస్తున్నవాళ్ళ కోసం ఈ ఎపిసోడ్. టీ కొట్టు కావచ్చు, కర్రీ పాయింట్ కావచ్చు, మొబైల్ యాక్సెసరీస్ షాపు కావచ్చు, ఇంట్లోంచి పచ్చళ్ళు, మగ్గం వర్క్... ఏదైనా సరే.

"ఏ బిజినెస్ పెడితే బాగుంటుంది?" అని అందరూ అడుగుతారు. ఈ రోజు దాని జోలికి వెళ్ళను. దానికంటే ముందు మనల్ని మనం అడుక్కోవాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. అదేంటంటే, "నేను అనుకున్నట్టు జరగకపోతే, ఎంత తక్కువ నష్టంతో దారి మార్చుకోగలను?"

ఇదేంటి, మొదలుపెట్టకముందే జరగదు అంటున్నారు అనుకోకండి. జరగదు అనడం లేదు. అనుకున్నది అనుకున్నట్టే జరగదు అంటున్నాను. రెండూ వేరు.

ఎందుకు జరగదు? సింపుల్. కస్టమర్ ఇంకా రాలేదు కాబట్టి. ప్లాన్ రాసేటప్పుడు మనం ఏం రాస్తాం? రోజుకి ఇంత మంది వస్తారు, ఇంత రేటు పెడితే కొంటారు, సాయంత్రం ఆరింటికి రద్దీ ఉంటుంది. ఇవన్నీ ఊహలు. ఊహించడం తప్పు కాదు, ఊహ లేకుండా ఎవరూ ఏదీ మొదలుపెట్టలేరు. కానీ ఆ ఊహని నిజం అనుకుని దాని మీద మూడు లక్షలు పెట్టేస్తాం చూడండి, అక్కడ వస్తుంది సమస్య. ఒక్క కస్టమర్ రాకముందే బోర్డు, విజిటింగ్ కార్డులు, రెండో బ్రాంచి ఎక్కడ పెట్టాలో కూడా రెడీ. మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు, ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని.

సరే, ఒక ఉదాహరణ తీసుకుందాం. కర్రీ పాయింట్ తీసుకుందాం, ఎందుకంటే అది మనందరికీ తెలుసు. అన్నం రూమ్‌లో వండుకుంటాం, కూర మాత్రం పార్సిల్ తెచ్చుకుంటాం. హనుమకొండలో హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్లు ఉన్న ఏరియా అనుకోండి. ఇప్పుడు నేను చెప్పే అంకెలు లెక్క అర్థం కావడానికి అనుకున్నవి. మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి.

ఒక అబ్బాయి దగ్గర 4 లక్షలు ఉన్నాయి. అందులో 2 లక్షలు సొంతం. ఇంకో 2 లక్షలు తెలిసినవాళ్ళ దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. రెండు రూపాయలే కదా అనిపిస్తుంది. అది నూటికి నెలకి 2 రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. నెలకి 4,000 వడ్డీకే పోతుంది.

షాపు అడ్వాన్సు లక్ష. కౌంటర్, బోర్డు, లైట్లు, పెయింటింగ్ కలిపి 90 వేలు. గిన్నెలు, స్టవ్‌లు, ఫ్రిజ్, మిక్సీ కలిపి లక్షా 10 వేలు. మొత్తం 3 లక్షలు అయిపోయాయి. ఓపెనింగ్ రోజు సరుకులు, గ్యాస్, ఫ్లెక్సీ అవీ ఇవీ కలిపి ఇంకో 25 వేలు. రిబ్బన్ కట్ చేసే టైమ్‌కి చేతిలో మిగిలింది 75 వేలు.

ఇప్పుడు నెల ఖర్చు చూద్దాం. అద్దె 14 వేలు, వంటమనిషికీ హెల్పర్‌కీ కలిపి జీతాలు 26 వేలు, కరెంటు 3 వేలు, వడ్డీ 4 వేలు. మొత్తం 47 వేలు. ఒక్క ప్యాకెట్ అమ్మినా, అమ్మకపోయినా ఇది కట్టాల్సిందే.

కూర ప్యాకెట్ 40 రూపాయలు. సరుకులు, గ్యాస్, కవర్ కలిపి 22 అవుతుంది అనుకుందాం. మిగిలేది 18. ఆ 47 వేలని 18తో భాగించండి. నెలకి దాదాపు 2,600 ప్యాకెట్లు. నెలలో 26 రోజులు షాపు తెరిస్తే రోజుకి 100 ప్యాకెట్లు. అంటే 100 ప్యాకెట్లు అమ్మేదాకా ఆ అబ్బాయికి ఒక్క రూపాయి కూడా మిగలదు. 101వ ప్యాకెట్ దగ్గర తన సంపాదన మొదలవుతుంది.

ఇంకోటి. రాత్రి 10 ప్యాకెట్లు మిగిలిపోయాయి అనుకోండి. నష్టం 220 రూపాయలు. ఆ 220 మళ్ళీ రావాలంటే ఇంకో 13 ప్యాకెట్లు అమ్మాలి. మిగిలింది 10, దాన్ని పూడ్చడానికి కావాల్సింది 13.

మొదటి నెల రోజుకి 50 ప్యాకెట్లే పోయాయి అనుకుందాం. కొత్త షాపుకి అది చెత్త నంబరేం కాదు. కానీ నెలకి 23 వేల పైన లోటు. చేతిలో ఉన్న 75 వేలు మూడు నెలలు వస్తాయి. ఆ మూడు నెలల్లో అతనికి ఏం తెలుస్తుందో చూడండి. ఇక్కడి పిల్లలకి పప్పు కంటే ఎగ్ కర్రీ కావాలి. శనివారం సగం మంది ఊళ్ళకి వెళ్ళిపోతారు. అసలు రద్దీ ఆరింటికి కాదు, ఎనిమిదింటికి. బతుకమ్మ, దసరా సెలవులకి హాస్టళ్ళు ఖాళీ. కార్తీకమాసం వస్తే చాలా మంది నాన్‌వెజ్ ముట్టరు. ఇవన్నీ బంగారం లాంటి విషయాలు. కానీ ఇవి తెలిసే టైమ్‌కి మార్చడానికి చేతిలో డబ్బు లేదు. గమనించండి, ఆ అబ్బాయి ఐడియా చెడ్డది కాదు, వంట చెడ్డది కాదు. తెలుసుకోవడానికే డబ్బంతా అయిపోయింది.

ఇప్పుడు అదే అబ్బాయి, అదే 4 లక్షలు, కానీ ఇంకో పద్ధతి. అసలు ఆ 2 లక్షల అప్పు ఇంకా తేలేదు. ఇంటి వంటగదిలోనే మొదలుపెట్టాడు. సాయంత్రం మాత్రమే. రోజుకి మూడు కూరలు. నాలుగింటిలోపు వాట్సాప్‌లో ఆర్డర్ పెట్టినవాళ్ళకే. 20 ప్యాకెట్లు వస్తే 20, 30 వస్తే 30. మిగిలిపోయేది ఉండదు. ఆరు వారాలు, 30 వేలు, అంతకు మించి పెట్టను అని రాసుకున్నాడు. చేస్తున్న ఉద్యోగం మానలేదు.

ఈ ఆరు వారాల్లో పెద్దగా లాభం ఏమీ రాకపోవచ్చు. కానీ ఇందాక మూడు లక్షల పైన పెట్టి తెలుసుకున్న విషయాల్లో చాలా భాగం 30 వేలకే తెలిసిపోతాయి. అన్నీ తెలియవు, నిజమే. రోడ్డు మీద వెళ్తూ ఆగేవాళ్ళు ఎంత మంది ఉంటారో ఇంట్లో కూర్చుంటే తెలీదు. అది తెలుసుకోవడానికి తర్వాత మెట్టు, చిన్న బండి. వెంటనే షాపు కాదు.

ఇక్కడే నేను చెప్పాలనుకున్న ముఖ్యమైన మాట. ప్రతి ప్లాన్‌లో రెండు రకాల నిర్ణయాలు ఉంటాయి. కొన్ని పెన్సిల్‌తో రాసినవి. మెనూ, రేటు, టైమింగ్, ప్యాకింగ్, ఏ వీధిలో అమ్మాలి. రేపు పొద్దున రబ్బరుతో చెరిపేసి వేరేది రాసుకోవచ్చు. కొన్ని పెన్నుతో రాసినవి. అద్దె అగ్రిమెంటు, అప్పు, తాకట్టు పెట్టిన బంగారం, మానేసిన ఉద్యోగం, ఫ్రాంచైజీ ఫీజు. ఇవి చెరిపితే చెరగవు.

మార్చుకోవడానికి వీలున్న ప్లాన్ అంటే ప్లాన్ లేకపోవడం కాదు. పెన్సిల్ పనులు ముందు చేయడం, పెన్ను పనులు వీలైనంత వెనక్కి జరపడం. అంతే. మనలో చాలా మంది దీన్ని తిరగేసి చేస్తాం. ముందు షాపు అగ్రిమెంటు, ఆ తర్వాత మెనూ గురించి ఆలోచన.

ఇది ఇప్పుడు పుట్టిన ఐడియా కాదు. లిజ్జత్ పాపడ్ తెలుసు కదా. 1959 మార్చి 15న బొంబాయిలోని గిర్‌గావ్‌లో ఏడుగురు ఆడవాళ్ళు ఒక మేడ మీద కూర్చుని అప్పడాలు చేయడం మొదలుపెట్టారు. పెట్టుబడి అప్పు తెచ్చిన 80 రూపాయలు. మొదటి రోజు తయారైనవి నాలుగు ప్యాకెట్లు. నాలుగే.

వానాకాలం వచ్చింది. అప్పడాలు ఎండవు. మొదటి ఏడాది నాలుగు నెలలు పని ఆపేయాల్సి వచ్చింది. అదే పెద్ద అద్దె, పెద్ద అప్పు ఉండి ఉంటే? ఆ నాలుగు నెలల్లోనే కథ ముగిసిపోయేది. ఖర్చు చిన్నది కాబట్టి ఆగగలిగారు. మరి రెండో ఏడాది ఏం చేశారు? పెద్ద డ్రైయర్ మెషీన్ కొనలేదు. ఒక మంచం, ఒక స్టవ్ కొన్నారు. అప్పడాలు మంచం మీద, స్టవ్ మంచం కింద. వానలోనూ అప్పడాలు ఎండాయి. ఈ రోజు ఆ సంస్థలో వేల మంది మహిళలు పనిచేస్తున్నారు.

ఇదే కథలో ఇంకో ముక్క ఉంది. మొదట్లో వాళ్ళు రెండు రకాల అప్పడాలు చేయాలనుకున్నారు, ఒకటి మంచి రకం, ఇంకోటి కొంచెం నాసి రకం, తక్కువ రేటుకి. వాళ్ళకి సలహాలిచ్చిన ఛగన్‌లాల్ పారేఖ్ అనే ఆయన, క్వాలిటీ విషయంలో మాత్రం రాజీ పడొద్దు అని చెప్పారు. చూశారా, ఎండబెట్టే పద్ధతి మార్చారు, నాణ్యత మార్చలేదు. ఏది మార్చాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఏది మార్చకూడదో తెలియడం కూడా అంతే ముఖ్యం.

నిర్మా కథ కూడా ఇంతే. కర్సన్‌భాయ్ పటేల్ 1969లో అహ్మదాబాద్‌లో ఇంటి దగ్గరే డిటర్జెంట్ పౌడర్ కలిపి, సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి అమ్మారు. అప్పటికి ఆయన ప్రభుత్వ ఉద్యోగి. డ్యూటీ అయ్యాక ఈ పని. మొదటి రోజే ఉద్యోగం మానేయలేదు. పెన్ను పనిని వెనక్కి జరిపారు.

సరే, ఇప్పుడు మీరు చేయాల్సింది చూద్దాం. ఫోన్‌లో నోట్స్ తెరవండి, లేదా ఒక కాగితం తీసుకోండి. మూడు గీతలు గీయాలి.

మొదటిది, ఆపే గీత. ఎంత డబ్బు పోతే ఆపేస్తాను? ఏ తారీఖు దాకా చూస్తాను? సరస్ సరస్వతి అని అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీ ప్రొఫెసర్ ఉన్నారు. అనుభవం ఉన్న వ్యాపారవేత్తలు ఎలా ఆలోచిస్తారో ఆవిడ అధ్యయనం చేశారు. 2001లో వచ్చిన ఆవిడ వ్యాసం ఈ సబ్జెక్టులో చాలా పేరున్నది. దాంట్లో ముఖ్యమైన పాయింట్ ఏంటంటే, "ఎంత లాభం వస్తుంది" అనే దాని కంటే "ఎంత పోయినా నేను తట్టుకోగలను" అనే దానితో మొదలుపెట్టాలి. లాభం ఎంతో ఎవరూ ముందే చెప్పలేరు. ఎంత పోతే ఇల్లు గడవడం కష్టమవుతుందో మాత్రం మీకు ఈ రోజే తెలుసు.

ఈ గీత వ్యాపారం మొదలుపెట్టకముందే గీయాలి. మొదలుపెట్టాక గీయలేరు. ఎందుకంటే అప్పటికి బోర్డు మీద మీ పేరుంటుంది, చుట్టాలందరికీ చెప్పేసి ఉంటారు. "ఇంకో 50 వేలు పెడితే లేస్తుంది" అనిపిస్తుంది. ఆ 50 వేలు ఎక్కడి నుంచి వస్తాయి? అమ్మ మెడలో గొలుసు బ్యాంకుకి వెళ్తుంది. అమ్మ అడగదు కూడా, తీసి ఇచ్చేస్తుంది. అందుకే ఆ గీత ముందే గీసి, ఆ కాగితం ఇంట్లో ఒకరి చేతిలో పెట్టండి. "ఈ అంకె దాటితే నన్ను ఆపు" అని చెప్పండి. అక్కకి ఇవ్వండి, నాన్నకి ఇవ్వండి, మీ ఆవిడకో, మీ ఆయనకో ఇవ్వండి. మీ మొహమాటం చూసి ఊరుకోని మనిషి అయితే ఇంకా మంచిది.

రెండోది, మార్చే గీత. నాలుగు వారాల తర్వాత రోజుకి 30 ఆర్డర్లు దాటకపోతే ఏం మారుస్తాను? ఇక్కడ ఒక జాగ్రత్త. ఒకసారి ఒక్కటే మార్చండి. రేటు, మెనూ, టైమింగ్ మూడూ ఒకేసారి మారిస్తే, అమ్మకాలు పెరిగినా దేని వల్ల పెరిగాయో తెలీదు. ఒకటి మార్చి, కనీసం రెండు వారాలు చూడండి. రోజూ రాయండి. ఎన్ని అమ్మాం, ఎన్ని మిగిలాయి, కస్టమర్ ఏం అడిగితే లేదన్నాం. ఈ మూడో కాలమ్ చాలా ముఖ్యం. "చపాతీ ఉందా" అని వారంలో పదిహేను మంది అడిగారంటే, మీ తర్వాతి మెనూ వాళ్ళే చెప్పేశారు.

బెంగళూరు ఎమ్‌టీఆర్ వాళ్ళు చెప్పే కథ విన్నారా? రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో బియ్యం కొరత వస్తే, ఇడ్లీ రవ్వతో చేసి చూశారట. అలా రవ్వ ఇడ్లీ పుట్టింది అంటారు. ఇడ్లీ అమ్మడం మానలేదు. ఒక్క దినుసు మార్చారు.

మూడోది, పెంచే గీత. దీన్ని అందరూ మర్చిపోతారు. నష్టం వస్తే ఏం చేయాలో ఆలోచిస్తాం, బాగా నడిస్తే ఏం చేయాలో ఆలోచించం. రెండు వారాలు బాగా పోయాయి, వెంటనే పెద్ద షాపు తీసేసుకుంటాం. అలా కాదు. "వరుసగా ఎనిమిది వారాలు రోజుకి 60 ఆర్డర్లు వస్తేనే అద్దె షాపు చూస్తాను" అని ముందే రాసుకోండి. మధ్యలో ఒక పండగ, ఒక సెలవుల వారం కూడా ఉండేలా చూసుకోండి.

షాపు తీసుకునే రోజు వచ్చినప్పుడు కూడా పెన్ను పనిని కొంచెం పెన్సిల్‌లా మార్చుకోవచ్చు. అగ్రిమెంటులో లాక్-ఇన్ ఎన్ని నెలలు, ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, ఈ మూడూ చదివి, బేరమాడి, ఆ తర్వాతే సంతకం. వస్తువులు సెకండ్ హ్యాండ్‌లో తీసుకోండి. మూసేసిన హోటళ్ళ సామాను తక్కువకి దొరుకుతుంది. గోడలకి, బోర్డుకి పెట్టే డబ్బు తిరిగి రాదు, అందుకే అది ఆఖర్న పెట్టండి. ఫ్రాంచైజీ తీసుకునేవాళ్ళు అయితే ఆ బ్రాంచీలు రెండు మూడు చోట్ల గంట సేపు నిలబడి, ఎంత మంది వస్తున్నారో మీరే లెక్కపెట్టండి. మూసేసిన బ్రాంచి ఏదైనా ఉంటే దాని ఓనర్‌ని వెతికి మాట్లాడండి. కంపెనీ చూపించే లెక్క కంటే ఆ మనిషి చెప్పే మాట విలువైనది.

ఇక పెన్సిల్ పనులకి వర్తించనివి కూడా కొన్ని ఉన్నాయి. చిన్నగా మొదలుపెట్టాం కదా అని కాగితాలు వదిలేయొద్దు. ఇంట్లోంచి తిండి అమ్మినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి, ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. ఇంటి సిలిండర్‌తో వ్యాపారం చేయకూడదు, 19 కిలోల కమర్షియల్ సిలిండర్ వాడాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పూర్తిగా ఉచితం. దానికి ఎవరైనా డబ్బు అడిగితే అది వాళ్ళ సర్వీస్ చార్జీ, ప్రభుత్వం ఫీజు కాదు.

అప్పు తప్పదు అనుకుంటే, రెండు రూపాయల వడ్డీ దగ్గరికి వెళ్ళేముందు బ్యాంకులో ముద్ర లోన్ అడగండి. 2015లో మొదలైన స్కీమ్ ఇది, తాకట్టు అడగరు. శిశు విభాగంలో 50 వేల వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు ఇస్తారు. మన ఆరు వారాల ట్రయల్‌కి శిశు లోనే ఎక్కువ. లోన్ శాంక్షన్ అయింది, ముందు ఇంత కట్టండి అని ఫోన్ వస్తే మాత్రం కట్ చేసేయండి. నేరుగా బ్యాంకు బ్రాంచికి వెళ్ళండి.

ఆఖరుగా ఒక్క మాట. ఆపే గీత దగ్గరికి వచ్చి ఆపేస్తే దాన్ని ఓటమి అనుకోవద్దు. 30 వేలు పోయి, ఇల్లు భద్రంగా ఉండి, ఒక ఏరియా గురించి, కస్టమర్ల గురించి ఆరు వారాల లెక్క మీ నోట్స్‌లో ఉంటే, రెండోసారి మొదలుపెట్టడానికి మీ దగ్గర డబ్బూ ఉంటుంది, ధైర్యమూ ఉంటుంది. 4 లక్షలు పోయినవాళ్ళకి ఆ రెండో ఛాన్స్ రావడానికి ఏళ్ళు పడుతుంది. మనం కాపాడుకోవాల్సింది మొదటి ఐడియాని కాదు, ఆ రెండో ఛాన్స్‌ని.

కాబట్టి ఈ రాత్రే మూడు గీతలూ రాసేయండి. ఎక్కడ ఆపాలి, ఎక్కడ మార్చాలి, ఎక్కడ పెంచాలి. ప్రతి దాని పక్కన ఒక అంకె, ఒక తారీఖు ఉండాలి. అంకె లేకపోతే అది గీత కాదు, ఆశ. వ్యాపారం పెడదాం అని మీతో పాటు అనుకుంటున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వాళ్ళతో కూడా రాయించండి. ఒకరి కాగితం ఒకరు చూసుకుంటే ఇంకా మంచిది.